చిగుళ్ల వైద్యం తల్లి కోసం



నేను చిగుళ్ల జబ్బులకు వైద్యం చేస్తాను. నా దగ్గరకు వచ్చే గర్భిణులు సాధారణంగా రెండు భయాల్లో ఏదో ఒకదాన్ని వెంటబెట్టుకుని వస్తారు. మొదటిది పాతకాలం నుంచి ఉన్నదే. కడుపుతో ఉన్నప్పుడు పళ్ల జోలికి వెళ్లకూడదు, మత్తు సూది వేయించుకోకూడదు, క్లీనింగ్ చేయిస్తే బిడ్డకు ప్రమాదం అన్నది. అమ్మో, అత్తగారో, పక్కింటి వదినో చెప్పి ఉంటారు: "ఇప్పుడెందుకమ్మా, కాన్పయ్యాక చూసుకోవచ్చులే" అని. రెండోది ఈ మధ్య మొదలైన భయం. ఫోన్‌లో ఏదో వీడియో చూసి కంగారుగా వస్తారు. చిగుళ్ల నుంచి రక్తం వస్తుంటే బిడ్డ నెలలు నిండకుండానే పుడుతుందట, వెంటనే క్లీనింగ్ చేయించుకుంటే ఆ గండం తప్పుతుందట, నిజమేనా అని అడుగుతారు.

ఒక భయం చేయించుకోవద్దంటుంది, ఇంకొకటి చేయించుకోకపోతే కొంప మునుగుతుందంటుంది. రెంటికీ జవాబు ముందే చెప్పేస్తాను. గర్భిణికి చిగుళ్ల వైద్యం చేస్తే బిడ్డకు హాని జరగదు. ఇది గట్టిగా చెప్పగలిగిన మాట. చిగుళ్ల వైద్యంతో నెలలు నిండని కాన్పును ఆపవచ్చన్న మాట మాత్రం రుజువు కాలేదు. సుమారు ముప్పై ఏళ్లుగా వైద్యులు ఆశపడ్డారు, వేల మంది గర్భిణులను పరీక్షించి చూశారు, గట్టి రుజువు దొరకలేదు. ఆ ఆశ ఎలా పుట్టింది, పరీక్షల్లో ఏమైంది, అయినా కడుపుతో ఉన్న అమ్మాయి దంతవైద్యుడి దగ్గరకు ఎందుకు వెళ్లాలి అన్నది ఈ ప్రసంగంలో చెబుతాను.

ముందు నోట్లో ఏం జరుగుతుందో చూద్దాం. మూడో నెలలోనో నాలుగో నెలలోనో పళ్లు తోముకుంటుంటే బ్రష్షు ఎర్రబడుతుంది. ఉమ్మితే రక్తం. పళ్ల మధ్య చిగురు ఉబ్బి, మెత్తగా, ఎర్రగా కనిపిస్తుంది. ఇది చాలామంది గర్భిణులకు వచ్చేదే. నూటికి 60 నుంచి 75 మందిలో ఎంతో కొంత కనిపిస్తుందని లెక్క. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లు బాగా పెరుగుతాయి. వాటివల్ల చిగుళ్లలోని సన్నటి రక్తనాళాలు వెడల్పవుతాయి, వాటి గోడల నుంచి ద్రవం తేలిగ్గా ఊరుతుంది. మామూలు రోజుల్లో చిగురు ఓర్చుకునే కొద్దిపాటి పాచికి కూడా అప్పుడు గట్టిగా స్పందిస్తుంది. 1963లోనే సిల్నెస్, లో అనే ఇద్దరు దంతవైద్యులు దీన్ని శ్రద్ధగా గమనించి రాశారు. రెండో నెల నుంచి చిగుళ్ల వాపు పెరుగుతూ ఎనిమిదో నెలకు ఎక్కువవుతుందని, కాన్పు తర్వాత తగ్గుముఖం పడుతుందని వాళ్లు చూపించారు. ఆ పనిలో వాళ్లు వాడిన చిగుళ్ల కొలతనే ఇప్పటికీ దంతవైద్య కళాశాలల్లో పిల్లలకు నేర్పుతున్నాం.

కొందరిలో పళ్ల మధ్య చిగురు చిన్న ఎర్రటి కాయలా పెరుగుతుంది. ముట్టుకుంటే రక్తం. చూసి క్యాన్సరేమోనని హడలిపోతారు. అది క్యాన్సర్ కాదు, చాలావరకు కాన్పయ్యాక తగ్గిపోతుంది.

ఇదంతా పైపై వాపు. దీనికంటే లోతైన జబ్బు వేరే ఉంది. పంటి మీది పాచి గట్టిపడి గారగా మారి, చిగురు కిందికి దిగి, పంటిని పట్టి ఉంచే ఎముకనే కరిగిస్తుంది. చిగురుకూ పంటికీ మధ్య లోతైన సందు ఏర్పడుతుంది. దాన్ని మేం పాకెట్ అంటాం. అందులో గాలి తగలని చోట బతికే సూక్ష్మజీవులు కోట్లలో ఉంటాయి. ఇది గర్భం వల్ల వచ్చేది కాదు, చాలా ఏళ్లుగా నోట్లో పెరుగుతూ ఉండి, గర్భంతో మరింత రేగేది. ఆ పాకెట్ల లోపలి పుండు పడిన గోడలన్నీ పరిచి కొలిస్తే జబ్బు ఉన్న మనిషిలో 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్ల దాకా ఉంటుందని ఒక అంచనా. ఎక్కువలో ఎక్కువ ఒక అగ్గిపెట్టె ముఖమంత పుండు అనుకోండి. అది ఒంటి మీద ఎక్కడైనా బయటికి కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి పరిగెత్తుతాం. నోట్లో కనిపించదు గనక ఏళ్ల తరబడి ఊరుకుంటాం.

ఇక ఆశ పుట్టిన కథ. నోట్లో సూక్ష్మజీవులు ఒంట్లో ఎక్కడో జబ్బు తెస్తాయన్న ఆలోచన కొత్తది కాదు. బెర్లిన్‌లో పనిచేసిన విలోబీ మిల్లర్ అనే అమెరికన్ దంతవైద్యుడు 1891లోనే ఆ మాట రాశాడు. 1910లో విలియం హంటర్ అనే బ్రిటిష్ వైద్యుడు మాంట్రియల్‌లో ఉపన్యాసమిస్తూ దాన్ని ఎంత తీవ్రంగా చెప్పాడంటే, ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు అమెరికాలో, యూరప్‌లో కీళ్ల నొప్పులకూ, మనసు బాగోలేకపోవడానికీ కూడా పళ్లన్నీ పీకించుకున్నారు. ఎందరో పళ్లు పోగొట్టుకున్నారు గానీ జబ్బులు తగ్గలేదు. ఈ సంగతి ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, వినడానికి నమ్మకంగా ఉన్న ఆలోచనను పరీక్ష చేయకముందే వైద్యంగా మార్చేస్తే రోగి ఎంత మూల్యం చెల్లిస్తాడో మా వృత్తికి అనుభవం మీద తెలుసు.

1996లో అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో స్టీవెన్ ఆఫెన్‌బాకర్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. 124 మంది తల్లులను పరీక్షించారు. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో బిడ్డను కన్నవాళ్లలో చిగుళ్ల జబ్బు ఎక్కువగా కనిపించింది. పొగాకు, వయసు లాంటి ఇతర కారణాలను లెక్కలో సర్దుబాటు చేశాక కూడా ముప్పు ఏడు రెట్లకు పైగా తేలింది. ఏడు రెట్లంటే చిన్న మాట కాదు. అప్పటికే చూడి చిట్టెలుకల మీద ఆ బృందంవాళ్లు చేసిన ప్రయోగాల్లో, చిగుళ్ల జబ్బు తెచ్చే సూక్ష్మజీవిని ఎక్కిస్తే పిల్లల బరువు తగ్గడం చూశారు. అందుకే ఆ వార్త దంతవైద్య లోకాన్ని ఊపేసింది.

అలా జరగడానికి దారి ఏమిటని అడిగితే రెండు చెబుతారు. ఒకటి, చిగుళ్లలోని సూక్ష్మజీవులే రక్తంలో కలిసి మాయ దాకా, ఉమ్మనీటి దాకా చేరడం. రెండు, చిగుళ్ల వాపు వల్ల ఒంట్లో ప్రొస్టాగ్లాండిన్ లాంటి పదార్థాలు పెరగడం. కాన్పు నొప్పులు మొదలు కావడంలో ఈ ప్రొస్టాగ్లాండిన్‌దే పెద్ద పాత్ర. నొప్పులు తెప్పించడానికి ఆసుపత్రిలో ఇచ్చే మందుల్లో కొన్ని ఆ కుటుంబానివే. మొదటి దారి ఊహ మాత్రమే కాదు. యీపింగ్ హాన్ అనే శాస్త్రవేత్త, ఆమె బృందం 2010లో కాలిఫోర్నియాలోని ఒక తల్లి సంగతి ప్రచురించారు. నెలలు నిండిన బిడ్డ కడుపులోనే చనిపోయింది. బిడ్డ శరీరంలో దొరికిన ఫ్యూజోబ్యాక్టీరియం అనే సూక్ష్మజీవి, తల్లి చిగురు కింది పాచిలో ఉన్నదీ ఒకటేనని తేలింది. వింటున్న గర్భిణులు దీనికి భయపడవద్దు. కోట్ల కాన్పుల్లో అలాంటివి చాలా అరుదు. చిగుళ్ల నుంచి రక్తం వచ్చే లక్షల మంది తల్లులకు పండంటి బిడ్డలు పుడుతూనే ఉన్నారు. ఆ దారి ఉందని తెలియడం ఒక సంగతి. మామూలుగా జరిగే నెలలు నిండని కాన్పుల్లో ఎన్నిటికి ఆ దారి కారణం అన్నది పూర్తిగా వేరే సంగతి.

ఇక్కడ కొంచెం నెమ్మదిగా వినండి. చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లకు ముందస్తు కాన్పులు ఎక్కువ అంటే, చిగుళ్ల జబ్బే దానికి కారణమని కాదు. పొగాకు నమిలే మనిషికి చిగుళ్లు పాడవుతాయి, కాన్పు కూడా ముందే వస్తుంది. షుగరు ఉన్న మనిషికీ అంతే. సరైన తిండి లేక, విశ్రాంతి లేక, పొలంలోనో ఇటుక బట్టీలోనో చివరి నెల దాకా పనిచేసే మనిషికి దంతవైద్యుడూ దూరమే, నెలనెలా చూపించుకోవడమూ దూరమే. రెండు కష్టాలకూ వేరు ఒకటే కావచ్చు. దీన్ని తేల్చాలంటే దారి ఒకటే. చిగుళ్ల జబ్బు ఉన్న గర్భిణులను చీటీ వేసి రెండు గుంపులు చేయాలి. ఒక గుంపుకు కడుపుతో ఉండగానే వైద్యం చేయాలి, రెండో గుంపుకు కాన్పయ్యాక చేయాలి. ఆ తర్వాత కాన్పులు చూడాలి. చీటీ పేదరికాన్ని చూడదు, పొగాకు అలవాటును చూడదు. కాబట్టి గుంపులు పెద్దవైతే అవన్నీ రెండు వైపులా దాదాపు సమంగా పడతాయి. తేడా ఏదైనా వస్తే అది వైద్యం వల్లేనని చెప్పవచ్చు.

మొదటి పెద్ద కబురు చిలీ రాజధాని సాంటియాగో నుంచి 2002లో వచ్చింది. 400 మంది గర్భిణులు. కడుపుతో ఉండగా వైద్యం అందిన గుంపులో నూటికి 2 కంటే తక్కువ మందికి బిడ్డ ముందుగానో, తక్కువ బరువుతోనో పుట్టింది. వైద్యం అందని గుంపులో నూటికి 10 మందికి. మన బెంగళూరులో 200 మంది గర్భిణుల మీద చేసి 2007లో ప్రచురించిన అధ్యయనం కూడా వైద్యం మేలు చేసిందనే చెప్పింది. ఇంకేం, సమస్య తీరిపోయిందని చాలామంది అనుకున్నారు. ప్రతి గర్భిణికీ క్లీనింగ్ చేస్తే చాలు, వేల మంది పసికందులు బతుకుతారు. ఆ ఆశ ఎంత బలమైనదో మన దేశం నుంచి చూస్తే బాగా అర్థమవుతుంది. 37 వారాలు నిండకముందే పుట్టే బిడ్డలు 2020లో ప్రపంచమంతటా సుమారు 1 కోటి 34 లక్షల మంది అయితే, అందులో 30 లక్షలకు పైగా మన దేశంలోనే పుట్టారు. ఏ దేశంలోనూ అంతమంది లేరు. అంత పెద్ద కష్టానికి పంటి డాక్టరు కుర్చీలో అరగంటతో విరుగుడు దొరికితే ఎవరికి మాత్రం సంతోషం కాదు?

కానీ బెంగళూరు అధ్యయనం అచ్చు కాకముందే, 2006 నవంబరులో, అమెరికా నుంచి వేరే ఫలితం వచ్చింది. బ్రయాన్ మైకలోవిచ్ బృందం మిన్నెసోటా, కెంటకీ, మిసిసిపీ, న్యూయార్కులోని హార్లెమ్‌లలో 823 మంది గర్భిణులను చేర్చుకుంది. వాళ్లలో ఎక్కువమంది నల్లజాతివాళ్లు, లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లు. అంటే ముందస్తు కాన్పులు ఎక్కువగా జరిగే, వైద్యం తక్కువగా అందే జనం. చీటీ ప్రకారం సగం మందికి 21 వారాలు నిండేలోపు చిగురు కింద దాకా గార తీసి, పంటి వేర్లు నునుపు చేశారు. నెలనెలా మళ్లీ శుభ్రం చేశారు. మిగతా సగం మందికి కాన్పయ్యాక అదే వైద్యం చేశారు. చిగుళ్లు బాగుపడ్డాయి, అందులో సందేహం లేదు. రక్తం కారడం తగ్గింది, పాకెట్లు తగ్గాయి. మరి కాన్పులు? వైద్యం అందిన గుంపులో నూటికి 12 మందికి 37 వారాల లోపు కాన్పు అయింది. అందని గుంపులో నూటికి 12.8. బిడ్డల సగటు బరువు ఒక గుంపులో 3,239 గ్రాములు, ఇంకో గుంపులో 3,258 గ్రాములు. తేడా లేనట్టే.

ఆ అధ్యయనంలోనే ఇంకొక అంకె ఉంది. గర్భస్రావాలు, కడుపులోనే బిడ్డ పోవడాలు కలిపి వైద్యం అందిన గుంపులో 5, అందని గుంపులో 14. అంకెలు చూస్తే పెద్ద తేడాలా ఉంది గానీ అది యాదృచ్ఛికం కాదని చెప్పడానికి చాలదు. దాని మీద ఆశ పెట్టుకోవడం తప్పు, దాన్ని దాచడం ఇంకా తప్పు, అందుకే చెప్పాను.

ఇక నాకు ఎక్కువ గౌరవం కలిగించేది 2009. ఈ ఆలోచనకు 1996లో ప్రాణం పోసిన ఆఫెన్‌బాకరే సుమారు 1,800 మంది గర్భిణులతో పెద్ద పరీక్ష నడిపాడు. వృత్తిజీవితం, సొంత పేరు ప్రతిష్ఠలు అన్నీ ఆ ఆలోచనతో ముడిపడి ఉన్నాయి. ఫలితం వచ్చింది. వైద్యం వల్ల ముందస్తు కాన్పులు తగ్గలేదు. ఆ మాట తన పేరుతోనే ప్రచురించాడు. అదే ఏడాది పశ్చిమ ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో జాన్ న్యూన్‌హామ్ బృందం వెయ్యి మందికి పైగా గర్భిణులతో చేసిన పరీక్ష కూడా తేడా లేదనే తేల్చింది. మరుసటి ఏడాది బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 11 పరీక్షలను, 6,558 మంది తల్లుల వివరాలను కలిపి చూసిన సమీక్ష వచ్చింది. అందులో తేలిన సంగతి అందరూ గుర్తుపెట్టుకోవాల్సింది. జాగ్రత్త తక్కువగా చేసిన పరీక్షల్లో వైద్యం మేలు చేసినట్టు కనిపించింది, పకడ్బందీగా చేసిన పరీక్షల్లో మేలు మాయమైంది. సాంటియాగో, బెంగళూరు అధ్యయనాలు చేసినవాళ్ల నిజాయతీని నేను శంకించడం లేదు. చిన్న పరీక్షల్లో అనుకోకుండా వచ్చే తేడాలు పెద్దవిగా కనిపిస్తాయి.

వైద్య పరీక్షలను కలిపి సమీక్షించే కోక్రేన్ సంస్థ 2017లో 15 పరీక్షలను, 7,161 మంది గర్భిణులను కలిపి మళ్లీ చూసింది. ముందస్తు కాన్పు తగ్గుతుందో లేదో స్పష్టంగా లేదంది. తక్కువ బరువు బిడ్డలు మాత్రం వైద్యం అందినవాళ్లలో నూటికి 9.7, అందనివాళ్లలో 12.6 అని లెక్క వచ్చింది. అయితే ఆ సాక్ష్యం బలం తక్కువని వాళ్లే రాశారు. కాబట్టి తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. దగ్గరగా వేసి ఉంది, అంతే.

నాకు తెలిసిన గర్భిణుల వైద్యులు కొందరు అడుగుతారు, చిగుళ్లు బాగయ్యాక కూడా కాన్పు ఎందుకు మారలేదని. దీనికి రెండు జవాబులున్నాయి. మొదటిది సూటిగా ఉంటుంది: చిగుళ్ల జబ్బు అసలు కారణమే కాదు, పక్కన కనిపించే గుర్తు మాత్రమే. రెండోది: నాలుగో నెలలోనో ఐదో నెలలోనో మొదలుపెట్టే వైద్యం ఆలస్యమైపోయింది. మాయ నాటుకోవడం లాంటి పనులన్నీ అప్పటికే జరిగిపోయాయి. ఏళ్ల తరబడి ఉన్న జబ్బును ఆ దశలో తగ్గించినా లాభం ఉండకపోవచ్చు. ఈ రెండో జవాబు నిజమైతే చిగుళ్లను బాగు చేసుకోవాల్సింది పెళ్లయ్యాక, నెల తప్పకముందు. దాన్ని పరీక్షించడం చాలా కష్టం. ఎప్పుడు కడుపు వస్తుందో తెలియని వేల మందిని ఏళ్ల తరబడి చూడాలి.

ఈ దారిలో ఆఫ్రికాలోని మలావీలో ఒక ప్రయత్నం జరిగింది. కియెర్స్టీ ఆగార్డ్ అనే అమెరికన్ వైద్యురాలి నాయకత్వంలో 8 ఆరోగ్య కేంద్రాల్లో 10,069 మంది స్త్రీలను చేర్చుకున్నారు. కొన్ని కేంద్రాల్లో గర్భానికి ముందో, గర్భం మొదటి నెలల్లోనో మొదలుపెట్టి రోజూ జైలిటాల్ అనే చక్కెర మద్యం ఉన్న చూయింగ్ గమ్ నమలమన్నారు. పేరులో మద్యం ఉన్నా అది మత్తు ఇచ్చేది కాదు, నోటి సూక్ష్మజీవులకు పనికిరాని తీపి పదార్థం. 2022లో ఫలితం చెప్పారు. గమ్ ఇచ్చిన కేంద్రాల్లో ముందస్తు కాన్పులు నూటికి 12.6, ఇవ్వని కేంద్రాల్లో 16.5. నాకు ఇది ఆశ కలిగించే అంకె. కానీ చీటీ వేసింది మనుషులకు కాదు, కేంద్రాలకు. ఎనిమిదే కేంద్రాలు. సాంటియాగో తర్వాత ఏం జరిగిందో చూసినవాళ్లం గనక, వేరే చోట వేరే బృందం చేసి చూసేదాకా ఆగాలి. ఈ లోగా గమ్ పెట్టెలు కొనమని నేనెవరికీ చెప్పను.

పరీక్షలు అన్నిటినీ కొట్టిపారేస్తాయని మాత్రం అనుకోవద్దు. నెలలు నిండకుండా నొప్పులు వచ్చిన తల్లికి స్టెరాయిడ్ సూది వేస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా బలపడతాయని 1972లో న్యూజిలాండ్‌లో లిగిన్స్, హోవీ అనే ఇద్దరు ఇలాంటి చీటీ పరీక్షతోనే చూపించారు. ఇప్పుడు మన జిల్లా ఆసుపత్రుల్లోనూ ఆ సూది వేస్తున్నారు. నెలలు నిండకుండా నొప్పులొస్తే ఇంట్లో కషాయాలు తాగిస్తూ కూర్చోకుండా ఆ సూది అందే ఆసుపత్రికి చేరడమే బిడ్డకు చేయగల గొప్ప మేలు.

ఇప్పుడు మొదటి భయం దగ్గరకు వద్దాం. ఎందుకంటే ఆ భయమే ఎక్కువ నష్టం చేస్తోంది. నేను చెప్పిన పరీక్షలన్నీ ముందస్తు కాన్పును ఆపలేకపోయినా, ఒక విషయాన్ని బ్రహ్మాండంగా నిరూపించాయి. వేల మంది గర్భిణులకు మత్తు సూది వేసి, లోతుగా గార తీశారు. బిడ్డలకు హాని జరగలేదు. మైకలోవిచ్ బృందం పరీక్షలో చేరినవాళ్లలో కొందరికి 13 నుంచి 21 వారాల మధ్య పిప్పి పళ్లకు సిమెంటు పెట్టారు, కొందరికి పళ్లు తీశారు. వాళ్ల కాన్పుల్లో కూడా తేడా రాలేదు. ఆ పిల్లలను రెండేళ్ల వయసులో పరీక్షించి మాటలు, ఆటలు, తెలివితేటలు చూశారు. తల్లికి కడుపుతో ఉండగా వైద్యం అందినా, కాన్పయ్యాక అందినా పిల్లలు ఒకేలా ఉన్నారు. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2013లో స్పష్టంగా చెప్పింది: గర్భంలో పళ్ల వైద్యం సురక్షితం, అవసరమైతే ఎక్స్‌రే తీయవచ్చు, మత్తు సూది వేయవచ్చు.

నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా కుర్చీలో కూర్చోవడానికి హాయిగా ఉండే సమయం. వేవిళ్లు తగ్గి ఉంటాయి, కడుపు ఇంకా బరువెక్కదు. అలాగని మూడో నెలలో పన్ను సలుపుతూ చీము పడితే నాలుగో నెల కోసం ఆగనక్కర్లేదు. ఎనిమిదో నెలలో అయినా అంతే. నెలలు నిండుతున్నకొద్దీ వెల్లకిలా పడుకుంటే గర్భసంచి పెద్ద రక్తనాళాన్ని నొక్కి కళ్లు తిరుగుతాయి. కుడి తుంటి కింద చిన్న దిండు పెట్టి ఎడమకు కొంచెం ఒరిగి పడుకోవాలి. కుర్చీలో కూర్చోగానే "నాకు ఎన్నో నెల" అని డాక్టరుకు చెప్పేయండి. మీ మాతా శిశు రక్షణ కార్డు వెంట తీసుకెళ్లండి. బీపీ, రక్తం, షుగరు అందులో ఉంటాయి.

వాయిదా వేస్తే ఏమవుతుందో నేను కళ్లారా చూస్తుంటాను. నొప్పి ఆగదు. రాత్రి పది గంటలకు ఇంట్లో ఎవరో మెడికల్ షాపుకు వెళ్లి "పంటినొప్పికి మాత్ర ఇవ్వండి" అంటారు. కడుపుతో ఉన్న మనిషి కోసమని చెప్పరు, షాపులో అడగరు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు ఐదో నెల దాటిన గర్భిణికి మంచివి కావు. ఉమ్మనీరు తగ్గవచ్చు, బిడ్డ గుండె దగ్గరి రక్తనాళం పుట్టకముందే మూసుకుపోవచ్చు. డాక్సీసైక్లిన్, టెట్రాసైక్లిన్ కుటుంబపు మందులు బిడ్డకు రాబోయే పళ్ల రంగు పాడుచేస్తాయి. బిడ్డకు ప్రమాదమని ఏ వైద్యానికైతే భయపడ్డారో అది సురక్షితం. దాన్ని మానుకుని ఇంట్లో మింగిన మాత్రలోనే ప్రమాదం ఉంది. నొప్పికి పారాసిటమాల్ చాలావరకు సరిపోతుంది, అదీ డాక్టరు చెప్పిన మోతాదులోనే.

రక్తం వస్తోందని బ్రష్ చేయడం మానేసేవాళ్లు చాలామంది. దానివల్ల పాచి పేరుకుని రక్తం మరింత వస్తుంది. మెత్తటి బ్రష్షుతో రోజుకు రెండుసార్లు, చిగురు అంచు దాకా తోమాలి. వాంతి అయిన వెంటనే మాత్రం తోమవద్దు. కడుపులోని ఆమ్లం పంటి పైపొరను మెత్తబరిచి ఉంటుంది. గ్లాసు నీళ్లలో చెంచా వంటసోడా కలిపి పుక్కిలించి, అరగంట పైన ఆగి తోముకోండి. పేస్టు వాసనకే వాంతి వస్తుంటే పేస్టు లేకుండా తోమినా ఫరవాలేదు. బొగ్గు, ఇటుకపొడి, పొగాకు పొడితో తోమే అలవాటు ఉంటే ఈ తొమ్మిది నెలలే కాదు, ఎప్పటికీ మానాలి. పొగాకు ఒక్కటి చిగుళ్లనూ పాడుచేస్తుంది, బిడ్డ బరువునూ తగ్గిస్తుంది. క్లీనింగ్ చేస్తే పళ్లు వదులవుతాయన్నది కూడా అపోహే. గార తీశాక కనిపించే సందు అప్పటికే ఎముక కరిగినందువల్ల వచ్చింది. గార దాన్ని కప్పి ఉంచింది.

ఒక మాట నాకు చాలా ముఖ్యం. నెలలు నిండని బిడ్డను పసిపిల్లల వార్డులో అద్దాల పెట్టెలో పెట్టి, బయట బెంచీ మీద కూర్చున్న తల్లికి ఎవరో ఒకరు వచ్చి "నీ నోరు శుభ్రంగా ఉంచుకోలేదు, అందుకే ఇలా అయింది" అంటున్నారు. ఇప్పటిదాకా చెప్పిన సాక్ష్యాల్లో ఆ మాటకు ఆధారం లేదు. చదువుకున్నవాళ్లు, వైద్యం తెలిసినవాళ్లు కూడా అనడం విన్నాను. ఆ తల్లి అప్పటికే తన తిండిని, నడకను, నిద్రను, చేసిన ప్రతి పనినీ తలచుకుని తనను తాను తప్పుపట్టుకుంటూ ఉంటుంది. ఆమె మీద ఇంకొక నేరం మోపే హక్కు మనకు లేదు.

అలాగే, "బిడ్డ కోసమైనా చిగుళ్లు చూపించుకో" అన్న ప్రచారం కూడా నాకు నచ్చదు. బిడ్డకు లాభం లేదని తేలితే తల్లి చిగుళ్లు ఎలా పోయినా ఫరవాలేదా? ఆమె నములుకోవాలి, నవ్వాలి, నొప్పి లేకుండా పడుకోవాలి. నలభై ఏళ్లకే పళ్లు ఊడిపోకూడదు. మన ఇళ్లలో ఆడవాళ్ల పంటినొప్పి ఇంట్లో అందరి అవసరాలూ తీరాక చివర చూసేది. చాలామంది జీవితంలో మొదటిసారి క్రమం తప్పకుండా డాక్టరు దగ్గరకు వెళ్లేది కడుపుతో ఉన్నప్పుడే. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు పరీక్షలు జరుగుతాయి. బీపీ చూస్తారు, బరువు చూస్తారు, రక్తం చూస్తారు. ఆ రోజు నోరు తెరవమని ఒక్క నిమిషం చూస్తే, చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లు బయటపడతారు. దానికి పెద్ద ఖర్చు లేదు. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు వింటుంటే వాళ్లకు నా విన్నపం ఇదే. గర్భిణి ఇంటికి వెళ్లినప్పుడు "తోముకునేటప్పుడు రక్తం వస్తోందా, పన్ను కదులుతోందా, నమలడం కష్టంగా ఉందా" అని అడగండి. అవునంటే దంతవైద్యుడి దగ్గరకు పంపండి.

కాన్పుకు ముందు కుదరనివాళ్లు కాన్పయ్యాక మరచిపోకండి. బాలింతకు చన్నీళ్లు తగలకూడదని, పళ్లు తోమనివ్వకుండా వేలితో రుద్దుకోమనే ఇళ్లు ఇంకా ఉన్నాయి. గోరువెచ్చని నీళ్లతో మామూలుగా బ్రష్ చేసుకోవచ్చు. గర్భంతో వచ్చిన పైపై వాపు కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. మూడు నెలలు దాటినా రక్తం ఆగకపోతే, చిగురు కిందికి జారుతుంటే, అది లోతైన జబ్బే అయి ఉండవచ్చు. అప్పుడు చంటిబిడ్డను ఎత్తుకునే రండి. చిగుళ్లకు ఇచ్చే మత్తు సూది వల్ల పాలివ్వడం ఆపనక్కర్లేదు. వచ్చేముందు బిడ్డకు పాలిచ్చి, తోడుగా ఇంట్లోవాళ్లను ఒకరిని తెచ్చుకుంటే చాలు.